చిన్న సరఫరాదారుల దగ్గర పెన్ను కిట్లు అయిపోతున్నాయి: ఏది దాచుకోవాలి, ఏది మనమే చేసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కావలిలో ఇంటి దగ్గరే చిన్న లేత్ పెట్టుకుని చెక్క పెన్నులు చేసి అమ్ముతున్నారు. ఒక పాఠశాల పూర్వ విద్యార్థుల సమావేశానికి 60 పెన్నులు ఒప్పుకుని సగం డబ్బు తీసుకున్నారు. ఎప్పుడూ కొనే చిన్న సరఫరాదారు దగ్గర వెండి రంగు స్లిమ్‌లైన్ కిట్లు (సన్నటి పెన్నుకు కావాల్సిన ఇత్తడి గొట్టాలు, క్లిప్పు, లోపలి యంత్రం కలిపి అమ్మే పొట్లం) రెండు నెలలుగా లేవు. ఎప్పుడు ఫోను చేసినా "వచ్చే వారం" అంటున్నారు. ఆయన మిమ్మల్ని తిప్పుకుంటున్నారా, వేరే సరఫరాదారును వెతుక్కోవాలా, ఈసారి దొరికితే ఒకేసారి 300 కిట్లు కొని పడేయాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆయన చాలావరకు నిజమే చెబుతున్నారు, కాకపోతే ఆయనకే తెలియని తేదీని మీకు చెబుతున్నారు. 300 కిట్లు కొనవద్దు. మీరు చేయలేని వస్తువులను కొద్దిగా నిల్వ పెట్టుకోండి. చేసుకోగలిగినవాటికి ఎవరి కోసమూ ఎదురుచూడకండి. పాడైపోయేవాటిని అసలు దాచకండి. లోపలి యంత్రం, క్లిప్పు, పాళీ మొదటి రకం. చెక్క ముక్కలు రెండో రకం. జిగురు, రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ద్రవం) మూడో రకం. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అందమైన బ్లాంకులు (పెన్నుగా తిప్పడానికి కోసి ఉంచిన ముక్కలు) కనిపిస్తే అటకంతా నింపుతారు, చివరికి పది రూపాయల స్ప్రింగు లేక పని ఆగిపోతుంది. నేనూ మొదటి మూడేళ్లు అలాగే చేశాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నెల్లూరులో మోటారు షాఫ్టులు, పంపుల భాగాలు తిప్పే లేత్ పని నాది. పెన్నులు పదకొండేళ్లుగా చేస్తున్నాను. కాబట్టి నేను చెప్పేది ఇనుము పని చేసేవాడి లెక్క, కళాకారుడి లెక్క కాదు.

సరుకు ఎందుకు అయిపోతుంది? ఒకసారి చెన్నై వెళ్లినప్పుడు నాకు కిట్లు పంపే ఆయన ఇంటికి వెళ్లాను. దుకాణం అంటే ఒక గది, రెండు ఇనుప బీరువాలు, తూకం యంత్రం, పార్సిల్ టేపు. ఒక బీరువా తెరిస్తే గులాబీ బంగారు రంగు కిట్లు వరసగా పేర్చి ఉన్నాయి. రెండో బీరువాలో వెండి రంగు కిట్లు ఉండాల్సిన అరలో ఖాళీ అట్టపెట్టె, దాని అడుగున రెండు విడి క్లిప్పులు. మొత్తం కథ ఆ రెండు అరల్లోనే ఉంది. ఈ కిట్లలో ఎక్కువ భాగం చైనాలో, తైవాన్‌లో తయారవుతాయి. ఒక్కో రంగులో కనీసం ఇన్ని కొనాలని తయారీదారు షరతు పెడతాడు. రంగుకు 100 చొప్పున ఐదు రంగులు తెప్పిస్తే వెండి, నలుపు నెలలో పోతాయి. మిగతా 300 ఏడాదిపాటు కదలవు. మళ్లీ వెండి రంగు తెప్పించాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బేమో గులాబీ బంగారు రంగులో ఇరుక్కుని ఉంది. పెద్ద వ్యాపారి అయితే ఈ నష్టాన్ని వేరే సరుకులో సర్దుకుంటాడు. ఈయనకు వేరే సరుకే లేదు.

దీనికి పండుగ తోడవుతుంది. చైనా కొత్త సంవత్సరం చాలా ఏళ్లు మన మాఘమాసం మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. అక్కడి కార్ఖానాల పనివాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, రెండు మూడు వారాలు యంత్రాలు ఆగిపోతాయి, తెరిచాక ముందు పెద్ద ఆర్డర్లు చూసుకుంటారు. మనకు సరిగ్గా అప్పుడే మాఘం పెళ్లిళ్లు, వాటికి కానుకల గిరాకీ. అంటే మనం గట్టిగా అడిగే నెలలోనే అక్కడ తాళం పడుతుంది. ఇది తెలిశాక నేను మాఘానికి కావాల్సిన కిట్లు కార్తికంలోనే తెప్పించుకుంటున్నాను. సరుకు ఓడలో వచ్చేసరికి పట్టే కాలం దీనికి అదనం. కృష్ణపట్నం రేవు మన పక్కనే ఉన్నా మన పెట్టె అక్కడ దిగదు లెండి, నాకు వచ్చేవన్నీ చెన్నై మీదుగానే.

రంగురంగుల రెసిన్ బ్లాంకులది వేరే బాధ. వాటిని అమ్మే చిన్నవాళ్లలో చాలామంది తామే ఇంట్లో పోస్తారు. ఒక మనిషి, ఒక ప్రెషర్ కుండ. పాలీయూరిథేన్ రెసిన్‌కు తేమ తగిలితే బుడగలు లేస్తాయి, కాబట్టి వానల్లో పని మందగిస్తుంది. మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా చేత్తో కలిపిన రంగు రెండోసారి అచ్చంగా రాదు. కాబట్టి 60 పెన్నులూ ఒకేలా ఉండాలంటే చేత్తో పోసిన రెసిన్ బ్లాంకు మీద మాట ఇవ్వకండి.

"వచ్చే వారం" అన్న మాటను ఎలా తూచాలో చెబుతాను. "సరుకు ఎప్పుడొస్తుంది" అని అడిగితే ఎవరైనా మర్యాదకు ఒక తేదీ చెబుతారు. అలా కాకుండా "మీరు డబ్బు కట్టేశారా, సరుకు అక్కడ బయలుదేరిందా, కస్టమ్స్ దగ్గర ఉందా?" అని అడగండి. కస్టమ్స్ దగ్గర ఉందంటే రెండు మూడు వారాల మాట. బయలుదేరిందంటే నెలా, నెలన్నర. డబ్బే కట్టలేదంటే ఆ సరుకు గురించి మరిచిపోండి. నాకు ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ అబద్ధం చెప్పలేదు. చాలామంది ఒక క్షణం ఆగి, "ఇంకా కట్టలేదండీ" అని ఒప్పుకున్నారు.

ఇక ఉన్నపళంగా వేరే సరఫరాదారుకు మారడం గురించి. నాకు తగిలిన దెబ్బ ఇక్కడే. ఆరేళ్ల కిందట పదవీ విరమణ సభకు 40 పెన్నులు ఒప్పుకున్నాను. 25 అయ్యాక కిట్లు అయిపోయాయి. మిగతా 15 వేరేచోట కొన్నాను. అదే పేరు, అదే రంగు, బొమ్మలో తేడా లేదు. పాత బుష్‌లతోనే (చెక్కను ఎంత లావుకు తిప్పాలో చూపే లోహపు ఉంగరాలు) చెక్క తిప్పాను, మెరుగు పెట్టాను, కిట్టు బిగించాను. బొటనవేలు అడ్డంగా లాగితే చెక్కకూ లోహానికీ మధ్య చిన్న మెట్టు తగులుతోంది. కంటికి కనిపించదు, గోరుకు తెలుస్తుంది. వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే పాత కిట్టు అంచు 8.3 మిల్లీమీటర్లు, కొత్తది 8.5. ఇంతలో ఒక పెన్ను పక్కన ఇంకో పెన్ను పెట్టి చూశాను. పాత బంగారు పూత పసుపు పాలు ఎక్కువ, కొత్తది తెల్లగా ఉంది. సభలో అందరికీ ఒకేసారి ఇస్తారు, పక్కపక్కన పెట్టుకుని చూడకుండా ఉంటారా? 15 ముక్కలూ ఊడదీసి, గొట్టాలు పాడైపోయి, మళ్లీ మొదటి నుంచి చేశాను. ఆ పనిలో మిగిలింది కరెంటు బిల్లు. ఒక ఆర్డరుకు ఒకే చోట, ఒకే విడతలో కొన్న కిట్లు వాడండి. వేరే విడత వస్తే మొదటి కిట్టునే వెర్నియర్‌తో కొలిచి, తేడా ఉంటే కొత్త బుష్‌లు తెప్పించుకున్నాకే లేత్ ఎక్కించండి. బుష్‌లు కొలతకు మనమే చేసుకుంటే ఇంకా మంచిది. నాకు లోహపు లేత్ ఉంది కాబట్టి ఇప్పుడు నేనే తిప్పుకుంటాను. మీకు లేకపోతే కావలిలో ఏ లేత్ వర్కుషాపులో అయినా మైల్డ్ స్టీలుతో జత తిప్పి ఇస్తారు. కొలత మాత్రం మీరే రాసి ఇవ్వండి, వాళ్లకు 0.2 మిల్లీమీటరు లెక్కలోకి రాదు.

రీఫిల్ విషయం చాలామంది పట్టించుకోరు. స్లిమ్‌లైన్‌లో పట్టేది క్రాస్ తరహా సన్నటి రీఫిల్. మన ఊళ్లలో స్టేషనరీ దుకాణంలో అడిగితే తల అడ్డంగా ఊపుతారు. సిరా అయిపోయాక ఆ పెన్ను సొరుగులో పడి ఉంటుంది, దానితోపాటు మీ పేరు కూడా. పార్కర్ తరహా రీఫిల్ పట్టే కిట్టుకు కొంచెం డబ్బు ఎక్కువే. అయితే ఆ రీఫిల్ నెల్లూరు ట్రంకు రోడ్డులోనే కాదు, చిన్న ఊళ్లలో కూడా దొరుకుతుంది. దీనికీ కొరతకూ సంబంధం ఏమిటంటారా? కిట్టు ఎంచుకునేటప్పుడే దానిలో అరిగేది, అయిపోయేది ఏదో చూసి, అది ఊళ్లో దొరికే రకమే తీసుకోండి. నేను రెండే రకాల కిట్లు వాడతాను, వాటికి రెండే డ్రిల్ బిట్లు, రెండు జతల బుష్‌లు. రకాలు పెంచితే గిరాకీ పెరుగుతుందని మొదట్లో ఎనిమిది రకాలు పెట్టాను. పెరిగింది గిరాకీ కాదు, డబ్బాల్లో మిగిలిపోయిన విడి భాగాలు.

ఇక చెక్క. ఇక్కడ మాత్రం నాకు కొంచెం కోపం వస్తుంది. పొదలకూరు నిమ్మ మార్కెట్టు ఉన్న జిల్లాలో కూర్చుని, విదేశీ ఆలివ్ చెక్క బ్లాంకులు దొరకడం లేదని బాధపడేవాళ్లను చూశాను. ముసలి నిమ్మ చెట్లు కాపు తగ్గాక తీసేస్తారు, అవి కట్టెల అడితికి చేరి పొయ్యిలోకి పోతాయి. నిమ్మ చెక్క లేత పసుపు రంగులో, సన్నటి గీతలతో, బరువుగా, గట్టిగా ఉంటుంది. లేత్ మీద వెన్న తీసినట్టు చుట్టలు చుట్టలుగా వస్తుంది, మెరుగు పెడితే దంతం లాగా కనిపిస్తుంది. నేను మొదటిసారి తెచ్చిన గోతం కట్టెల ఖరీదు ఒక కిట్టు ఖరీదు కంటే తక్కువ.

కానీ పచ్చి కట్టెను పెన్ను చేస్తే నాలుగు రోజుల్లో బీటలు వస్తాయి. నేను చేసే పద్ధతి ఇది. దుంగ తెచ్చిన రోజే రెండు చివర్లకూ పాత పెయింటు పూస్తాను, తేమ అక్కడి నుంచి తొందరగా పోయి నెర్రెలు పడకుండా. వారంలోగా రంపపు మిల్లులో 25 మిల్లీమీటర్ల చదరపు కడ్డీలుగా కోయించి, 130 మిల్లీమీటర్ల పొడవు ముక్కలు చేస్తాను. చివరికి కావాల్సింది 19 మిల్లీమీటర్లే, మిగతాది ఎండేటప్పుడు వంగడానికి, కుంచించుకోవడానికి వదిలిన జాగా. తెల్ల చెక్కకు పుచ్చు పురుగు పడుతుంది కాబట్టి బోరాక్స్ నీళ్లలో ఒక రాత్రి నానబెడతాను. ఆ తరువాత నీడన, గాలి ఆడేచోట, మధ్యలో పుల్లలు పెట్టి పేరుస్తాను. ఎండలో పెట్టకండి. మన రోహిణి కార్తె ఎండలో ఒక్క మధ్యాహ్నం చాలు, వంద ముక్కలు పగలడానికి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు, వంటింటి తూకం చాలు. నాలుగైదు ముక్కల మీద పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. ప్రతి ఆదివారం మళ్లీ తూచి కింద రాయండి. నా దగ్గర ఒక ముక్క మీద 88 గ్రాములతో మొదలై మెల్లగా తగ్గుతూ చివరికి 71, 71, 71 అని ఉంది, కిరాణా కొట్టు పద్దులాగా. మూడు వారాలు అంకె కదలకపోతే బయటి గాలికి సరిపడా ఆరినట్టు. చిన్న ముక్కలకు నాకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతోంది. ఇక్కడో మెలిక ఉంది. నవంబరులో మన గాలికి ఆరిన చెక్క హైదరాబాదులో ఏసీ గదికి వెళ్లాక ఇంకా కుంచించుకుంటుంది. లోపల ఇత్తడి గొట్టం కుంచించుకోదు. అప్పుడు చెక్క చీలుతుంది. అలా వెనక్కి వచ్చిన పెన్నులు నాకు ఐదు. అందుకే ఇప్పుడు రంధ్రం వేశాక పది రోజులు, చిన్న బల్బు వెలిగే చెక్కపెట్టెలో ఉంచి గానీ గొట్టం అతికించను.

నిమ్మ ఒక్కటే కాదు. చింత చేవ, నల్లతుమ్మ, వేప, తీరం పొడవునా సరుగుడు, పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే తాటి దూలాలు. తాటి చెక్కలో నల్ల గీతలు చూస్తే ఎవరైనా చెయ్యి చాస్తారు. కాకపోతే నార విడిపోతుంది, పల్చటి జిగురు పట్టించి తిప్పాలి. ఉదయగిరి వైపు వెళితే గరిటెలు, చెంచాలు చేసే వాళ్లను చూడండి. భౌగోళిక గుర్తింపు ఉన్న పని అది. నార్ది, బిక్కి లాంటి స్థానిక చెక్కలతో చేస్తారు. కొమ్మ సన్నగా ఉంటే చెంచా, లావుగా ఉంటే గరిటె. ఉన్న చెక్కను బట్టి వస్తువు. పెన్నులు చేసేవాళ్లం మనం మాత్రం ముందు బొమ్మ చూసి తరువాత చెక్క వెతుకుతాం. గరిటెకు పొట్టివైన ముక్కలు పెన్నుకు సరిపోతాయి, అడిగి డబ్బిచ్చి తీసుకోండి.

ఒక హెచ్చరిక. కొరత మాట వినిపించగానే "ఎర్రచందనం ముక్కలు ఉన్నాయి, కావాలా" అనే వాళ్లు తయారవుతారు. మన జిల్లాలో మరీ. కాగితాలు లేని ఎర్రచందనం పెన్సిలంత అయినా ముట్టుకోకండి. అది 1995 నుంచి, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, మన అటవీ చట్టం సంగతి సరే సరి. వేలంలో కొన్న చెక్క అంటే ఆ రసీదు నకలు అడగండి, లేకపోతే దండం పెట్టి వచ్చేయండి. సిస్సూ, జిట్రేగి లాంటి రోజ్‌వుడ్ జాతులు కూడా 2017 నుంచి అదే అనుబంధంలోకి వచ్చాయి, విదేశాలకు పెన్నులు పంపేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మామూలు చెక్కకైనా అడితిలో బిల్లు తీసుకోవడం నాకు అలవాటు.

ఇంకో తెలివితక్కువ పని కూడా ఒప్పుకుంటాను. చీమకుర్తి గ్రానైట్ మెరుపు చూసి ఆశపడి ఆ పొడిని రెసిన్‌లో కలిపి నేనే బ్లాంకులు పోశాను. మెరుపు రాలేదు, బూడిద రంగు వచ్చింది. ఒక్క పెన్నుకు ఉలి మూడుసార్లు సాన పట్టాల్సి వచ్చింది. మీరు చేయకండి.

జిగురు, రెసిన్ దాచకూడదని పైన అన్నాను. పల్చటి జిగురు, అదే సయనోఅక్రిలేట్, తేమతో గట్టిపడుతుంది, మన వేసవికి సీసాలోనే చిక్కబడుతుంది. విప్పని సీసాను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, వాడే ముందు ఒక పూట బయట పెట్టి గది వేడికి వచ్చాకే మూత తీయండి. లేకపోతే చెమ్మ పడుతుంది. ఆరు నెలలకు సరిపడా కంటే ఎక్కువ కొనకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా.

పాళీ పెన్నులు చేసే ఉద్దేశం ఉంటే కిట్ల బెడద చాలావరకు వదిలించుకోవచ్చు. రాజమహేంద్రవరంలో 1930లలో రత్నం పెన్నులు మొదలైనప్పుడు కిట్టు అన్న మాటే లేదు. ఎబొనైటు (గట్టి రబ్బరు) కడ్డీని లేత్ మీద తిప్పి, మరలు కోసి, డ్రాపర్‌తో నేరుగా పెన్ను పొట్టలోనే సిరా పోసే పద్ధతి. సిరా పీల్చే కన్వర్టరు అక్కర్లేదు, ఇత్తడి గొట్టం అక్కర్లేదు. కడ్డీ కాక బయట కొనాల్సింది పాళీ ఒక్కటే. జర్మనీలో యోవో, బాక్ అనే రెండు కంపెనీల పాళీలను ఇలాంటి చిన్న తయారీదారులు ఎక్కువగా వాడతారు. పాళీ బరువు తక్కువ కాబట్టి ఇరవై ఒకేసారి తెప్పించినా కొరియరు ఖర్చు మోయగలం. అయితే ఆ రెండు కంపెనీల పాళీ గొట్టాల మరలు ఒకదానికొకటి పట్టవు. ఏదో ఒకటి ఎంచుకుని దానికి తగ్గ ట్యాపు (లోపలి మర కోసే పనిముట్టు) కొనండి. ఈ పని చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పటి మీ 60 పెన్నులకు పనికిరాదు, వచ్చే ఏడాదికి ఆలోచించండి.

నలుగురు కలిసి తెప్పించుకోవడం గురించి కూడా అడుగుతారేమో. నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్లం నలుగురం ఒకసారి కలిసి 200 కిట్లు తెప్పించాం. ధర బాగా తగ్గింది. సరుకు వచ్చే నాటికి ఒకాయన ఈ పనే మానేశారు, ఆయన వాటా 50 కిట్లు మా ముగ్గురి నెత్తిన పడ్డాయి. మళ్లీ చేయమంటే చేస్తాను, కానీ అందరి డబ్బూ ముందే చేతికి వచ్చాకే.

మీకు 300 ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఆ డబ్బు మీ బీరువాలో గులాబీ బంగారు రంగు అవుతుంది. నెలకు ఎన్ని అమ్ముతున్నారో చూసి, మూడు నెలలకు సరిపడా కిట్లు, వాటిలో పదింటికి ఒకటి చొప్పున అదనం పెట్టుకోండి. బిగించేటప్పుడు ఒకటో రెండో పోతూనే ఉంటాయి.

ఇక ఆ 60 పెన్నులు. ఇవాళే వాళ్లకు ఫోను చేయండి, సమావేశానికి వారం ముందు కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఇప్పుడు చేతిలో ఉన్న సరుకుతో రెండు నమూనాలు చేసి తీసుకెళ్లండి: పార్కర్ తరహా కిట్టు, నిమ్మ చెక్క ఒకటి, చింత చేవ ఒకటి. మన జిల్లా చెట్టు అంటే పూర్వ విద్యార్థులు కాదనరని నా నమ్మకం. కాదంటే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేయండి. ఇకనుంచి కిట్లు ఇంట్లో దిగాకే అడ్వాన్సు తీసుకోండి. మీ పాత సరఫరాదారుతో తగవు పెట్టుకోకండి, ఆయన దగ్గర వెండి రంగు వచ్చిన రోజు ముందు ఫోను వచ్చేది మర్యాదగా మాట్లాడినవాడికే.

నిమ్మ ముక్కలు ఆరడానికి మీకు టైము లేదు కాబట్టి నా దగ్గర ఉన్నవి ఓ 40 ఇవ్వగలను. వచ్చినప్పుడు పైన పేర్చినవి తీసుకోకండి, అవి మొన్న కోయించినవి. అడుగు వరసలో బరువు అంకె మూడుసార్లు ఒకేలా రాసి ఉన్నవి ఏరుకోండి.